కాటా మామ పది కిలోలు

ఆ సోమవారం పొద్దున కాటా మామ వేసుకున్న పథకం చాలా చిన్నది. ఇంట్లో ఉడికించిన కూర తిని బయల్దేరాలి. వీధి మూల రొట్టెల దుకాణం వైపు తల తిప్పకుండా బస్సెక్కాలి. ఎనిమిదింటికల్లా కాటా మీద నిలబడి బరువు చూసుకోవాలి. మూడింటిలో రెండు నెరవేరాయి. నెరవేరనిది కాగితంలో చుట్టి ఆయన చొక్కా జేబులో వెచ్చగా ఉంది.

కాటా అంటే దుకాణాల్లో ఉండే చిన్న కాటా కాదు. లారీలు తూచే కాటా. పెద్ద రోడ్డు పక్కన ఒక ఆవరణ, మధ్యలో నేలకు సమంగా పరిచిన పొడవాటి ఇనుప పలక, దాని పక్కన అద్దాల గది. లారీ వచ్చి పలక మీద ఆగుతుంది. గది కిటికీ పైన ఎర్రటి అంకెలు వెలుగుతాయి. అవి ఏది చెబితే అదే బరువు. ఇరవై ఎనిమిదేళ్లుగా ఆ అంకెలకు పెద్దదిక్కు కాటా మామే. ఆయన అసలు పేరు కరెంటు బిల్లు మీద తప్ప ఇంకెక్కడా వాడుకలో లేదు.

మూడు వారాల కిందట డాక్టరు ఆయన్ని ఆస్పత్రి తూకం మీద నిలబెట్టాడు. నూట పద్దెనిమిది కిలోలు. రక్తం పరీక్ష కాగితం చూసి పెదవి విరిచాడు.

"చక్కెర గట్టు మీద ఉంది. మూడు నెలలు టైమిస్తున్నా. పది కిలోలు తగ్గి రండి. లేదంటే ఇక రోజూ సూదే," అన్నాడు.

కాటా మామకు లోడు లారీ బ్రేకు ఫెయిలై మీదికొచ్చినా భయం లేదు. సూదంటే మాత్రం చిన్నప్పుడు టీకాలవాళ్లు వస్తే గడ్డివాములో దూరిన మనిషి. ఆ రోజునుంచే పథ్యం మొదలుపెట్టాడు. భార్య ఇంట్లో నూనె డబ్బాను అటక ఎక్కించింది. భయం నాలుగు రోజులు బాగానే పనిచేసింది. ఐదో రోజునుంచి ఆకలి పనిచేయడం మొదలుపెట్టింది.

రోజూ పొద్దున లారీలు రాకముందే ఆయన కాటా ఎక్కేవాడు. చిక్కేమిటంటే ఆ కాటా పది కిలోలకు తక్కువ లెక్కను పట్టించుకోదు. నూట పద్దెనిమిదైనా, నూట పదహారైనా దానికి నూట ఇరవయ్యే. ఇటుకలూ కంకరా తూచే దానికి అంతకంటే సూక్ష్మం అక్కర్లేదు.

"ఎంత అమ్మాయ్?" అని ఆ సోమవారమూ అడిగాడు పలక మీంచి. అంకెలు కళ్లెదుటే ఉన్నాయి. అయినా అడిగేవాడు, మనిషి నోట్లోనైనా కాస్త తగ్గుతుందేమోనని.

"నూట ఇరవై బాబాయ్," అంది గదిలోంచి చీటీలక్క. తూకం చీటీలు రాసేది ఆమె. ఇద్దరు పిల్లల తల్లి. డ్రైవర్లందరికీ చీటీలక్కే.

"శనివారం?"

"నూట ఇరవై."

"నిన్న?"

"నిన్న సెలవు కదా బాబాయ్. తూయలేదు."

"అయితే తగ్గితే గిగ్గితే నిన్నే తగ్గుంటా." జేబులోంచి పొట్లం తీశాడు. "ఇక నా వల్ల కాదమ్మాయ్. మూడు వారాలు మేక తిన్నట్టు తిన్నా. కాటాలో ఒక్క అంకె కదల్లేదు."

"తగ్గే ఉంటావు బాబాయ్. రెండో మూడో. మన కాటాకి కనపడదంతే."

"కాటాకి కనపడనిది నాకు లేనట్టే."

ఇరవై ఎనిమిదేళ్లుగా ఎంతమంది డ్రైవర్లతోనో అన్న మాట అది. పలక మీద నిలబడే బన్ను తినేశాడు. తింటున్నంతసేపూ ముఖంలో సంతోషం లేదు. ఓడిపోయినవాడు కత్తి కింద పెట్టినట్టు, నిదానంగా, చివరి ముక్క దాకా తిన్నాడు.

చీటీలక్క అది చూసింది. ఆమె మనసు చివుక్కుమంది. రెండేళ్ల కిందట ఆమె చిన్నపిల్లకు జ్వరం వచ్చి నెలరోజులు వదల్లేదు. ఆ నెలరోజులూ తూకమూ చీటీలూ రెండూ ఆయనే చేశాడు. యజమానికి సంగతి తెలియనివ్వలేదు. తర్వాత ఎప్పుడూ ఆ ఊసు ఎత్తలేదు. ఊసెత్తని మనిషికి కృతజ్ఞత చెప్పుకోవడం కష్టం. అది లోపలే ఉండి దారి వెతుక్కుంటుంది.

ఆమెకు దొరికిన దారి గది గోడకు వేలాడుతోంది. నాలుగు ఎర్ర బకెట్లు. మంటలు ఆర్పడానికి ఇసుక పోసి పెట్టినవి. ఒక్కొక్కటి పది కిలోలకు కాస్త అటూ ఇటూ. అక్కడ మంటలు ఎప్పుడూ రాలేదు కనుక వాటిలో చీమలు కాపురం ఉంటున్నాయి.

మర్నాడు ఆమె అరగంట ముందు వచ్చింది. రోజూ పొద్దున పలక ఊడ్చి, గదిలోని సున్నా మీట నొక్కడం అక్కడి పద్ధతి. రాత్రి పడిన దుమ్మూ బురదా బరువులో కలవకుండా, "ఇప్పుడున్నది సున్నా" అని మిషనుకు చెప్పడమన్నమాట. ఆమె పలక ఊడ్చింది. ఒక బకెట్టు తెచ్చి పలక మీద పెట్టింది. మీట నొక్కింది. బకెట్టు తీసి గోడకు తగిలించింది. సున్నాకు దిగువ అంకె చూపించడం ఆ పాత మిషనుకు చేతకాదు. ఏమీ ఎరగనట్టు సున్నా చూపిస్తూ కూర్చుంది. ఇక దాని మీద ఏది ఎక్కినా పది కిలోలు తక్కువ.

ఎనిమిదింటికి కాటా మామ వచ్చాడు. "ఎక్కడం దండగ," అంటూనే అలవాటు కొద్దీ ఎక్కాడు. తలెత్తాడు. దిగి, మళ్లీ ఎక్కాడు. చెప్పులు విడిచి ఎక్కాడు. తర్వాత చెప్పులు తొడుక్కుని కూడా ఎక్కాడు.

"ఎంత అమ్మాయ్?" అని కిటికీ వైపు కేకేశాడు.

"నూట పది బాబాయ్."

ఆయన వంగి, గుడి గడప తాకినట్టు పలకను తాకాడు. వంగడం ఎలా ఉన్నా లేవడానికి చీటీలక్క వచ్చి చెయ్యి పట్టుకోవలసి వచ్చింది.

ఆయన తూగి దిగగానే మీట మళ్లీ నొక్కి అంతా సర్దేద్దామని ఆమె ఆలోచన. కానీ దిగీదిగగానే ఆయన వచ్చి తన కుర్చీలో కూర్చున్నాడు. మీట ఆయన మోచేతి కిందే ఉంటుంది. సాయంత్రం దాకా మోచెయ్యి తీయలేదు. ఆమె మనసులో లెక్క వేసుకుంది. లారీ ఖాళీగా వచ్చినప్పుడు పది తగ్గుతుంది, సరుకుతో వచ్చినప్పుడూ పదే తగ్గుతుంది. రెండింటికీ తేడా మాత్రం నికరమే. సరుకు తూకంలో ఎవరికీ అన్యాయం లేదు. అందుకని ఆ రాత్రి హాయిగా నిద్రపోయింది. మర్నాడు బకెట్టు లేకుండా తూస్తే ఆయన ఒక్కరోజులో పది కిలోలు పెరిగినట్టవుతుందని పొద్దున లేచాక తట్టింది. బకెట్టు మళ్లీ దింపక తప్పలేదు. ఆ తర్వాత అది రోజూ వారీ పనైపోయింది.

కాటా మామ మారిపోయాడు. బస్సు మానేశాడు. ఇంటినుంచి కాటాకు నాలుగు కిలోమీటర్లు, పోనూ రానూ నడక. దారిలో ఎదురైన ప్రతివాడికీ ఉపదేశం. "నిదానంగా నమలాలి. నీళ్లు ముందు తాగాలి. చూశావుగా నన్ను, పది తగ్గా!" అనేవాడు. భార్య మాత్రం తూచి మాట్లాడే మనిషి.

"పది కిలోలంటే ఒక బండ గ్యాసులో సగానికి పైనే. అంత పోతే ఎక్కడో ఒకచోట సందు కనపడాలి కదండీ," అంది ఆయన నడుము చుట్టూ ఒకసారి చూసి.

"లోపల్నుంచి తగ్గుతున్నానే. పైకి తర్వాత వస్తుంది."

ఐదు వారాలకు మళ్లీ ఉత్సాహం సన్నగిల్లింది. నూట పది దగ్గరే ఉండిపోయాడు. ఒకరోజు చీటీలక్క చూస్తుండగా ఆయన రొట్టెల దుకాణం ఫోను నంబరు ఒక చీటీ వెనక రాసుకున్నాడు. మర్నాడు ఆమె రెండో బకెట్టు దింపింది. వంద వచ్చింది. కాటా మామ ఆ రోజు తెచ్చుకున్న అన్నంలో సగం పక్కన తిరిగే కుక్కకు పెట్టాడు. సాయంత్రం నడక నాలుగు కిలోమీటర్లు చాలలేదని చుట్టుదారి పట్టాడు.

చిలికి చిలికి గాలివాన అయింది అప్పటినుంచే.

కంకర లారీ నడిపే మీసాలాయన కాటా మామకు మొదటి శిష్యుడు. మూడు వారాలుగా బండి ముందద్దం దగ్గర దోసకాయలు పేర్చుకుని తిరుగుతున్నాడు. ఆ రోజు ఖాళీ బండి తూయించుకుని చీటీ చూసుకున్నాడు. ప్రతి లారీ తలుపు మీదా దాని ఖాళీ బరువు తెల్లరంగుతో రాసి ఉంటుంది. డ్రైవరుకు అది పుట్టినరోజు లాగా కంఠతా ఉంటుంది. పది తక్కువైతే డీజిలు తగ్గిందని సరిపెట్టుకుంటాడు, ఇరవై అయితే ఊరుకోడు.

"మామా, నా బండి ఆరువేల ఎనిమిదొందల నలభై. ఇరవై తక్కువ చూపిస్తోందేంటి? జాకీ ఎవడైనా ఎత్తుకుపోయాడా?" అని దిగి వెతికాడు. జాకీ ఉంది. స్పేరు టైరు ఉంది. టార్పాలిన్ ఉంది.

కాటా మామ గడ్డం గోక్కుంటూ ఆలోచించాడు. ముఖం వెలిగిపోయింది.

"ఒరేయ్! మన దగ్గర డ్రైవరు దిగకుండానే కదా తూకం? బండితో పాటు నువ్వూ తూగుతావు. తగ్గింది బండి కాదురా. నువ్వు!"

"నేనా? ఇరవయ్యా?"

"కాటా అబద్ధం చెప్పదు."

మీసాలాయన ఇద్దరు మనుషుల ఎత్తు అరుపు అరిచాడు. కాటా మామను కావలించుకున్నాడు. రెండు పొట్టలు అడ్డం పడి ఆ కౌగిలి పూర్తి కాలేదు. ఆ సాయంత్రమే దర్జీ దగ్గరికి పోయి ప్యాంట్లన్నీ బిగించమని ఇచ్చాడు. "ఎందుకయ్యా, సరిగ్గానే ఉన్నాయిగా," అన్నాడు దర్జీ. "నువ్వు బిగించవయ్యా, కాటాకి తెలిసినంత నీకు తెలుసా?" అన్నాడు. బిగించాక వాటిలోకి దూరడానికి ఊపిరి పీల్చుకుని అలాగే ఉండాల్సి వచ్చింది. పట్టుదల ఉంటే మనిషి ఊపిరి లేకుండా కూడా చాలాసేపు ఉండగలడు.

రెండు రోజులకు ఇటుకల లారీ బక్కాయన వంతు వచ్చింది. ఎండుపుల్లకు చొక్కా తొడిగినట్టుంటాడు. ఆయన బండి కూడా ఇరవై తక్కువ తూగింది.

"నువ్వు కూడా తగ్గావోయ్, ఇరవై!" అన్నాడు కాటా మామ, బహుమతి చేతికిచ్చినట్టు.

బక్కాయన చీటీ రెండువైపులా తిప్పి చూశాడు. ముఖంలో నెత్తురు లేదు.

"మామా, నేను మొత్తం యాభై రెండు. అందులో ఇరవై పోతే ఇక్కడ నిలబడింది ఎవరు?"

మీసాలాయన దగ్గరికొచ్చి తేరిపార చూశాడు. "నిజమే. బుగ్గలు పీక్కుపోయాయి," అన్నాడు. ఆ బుగ్గలు పుట్టినప్పటినుంచీ అంతే. అయినా ఒకరు అన్నాక బక్కాయన రెండు చేతులా బుగ్గలు తడుముకున్నాడు. బండి అక్కడే వదిలి ఇంటికిపోయి మంచమెక్కాడు. ఆయన భార్య ఫోను చేసి ఏడ్చింది.

"ఏమైందన్నయ్యా ఈయనకి? గుండ్రాయి లాంటి మనిషి!"

"గుండ్రాయి అని నేననలేనమ్మా," అన్నాడు కాటా మామ, అబద్ధం అలవాటు లేక.

ఇక ఆగలేదు. ఆ వారంలో పదకొండు లారీలు తూగాయి. పదకొండూ ఇరవై తక్కువే. పథ్యం చేసేవాడూ తగ్గాడు, రెండు గిన్నెలు తినేవాడూ తగ్గాడు. అందరికీ ఉమ్మడిగా ఉన్నదేమిటి? ఆవరణలో కుళాయి. అందరూ అక్కడే నీళ్లు తాగుతారు. ఆ నీళ్లు మనిషిని అరగదీస్తున్నాయని సగంమంది డ్రైవర్లు ఇంటినుంచి సీసాలు తెచ్చుకున్నారు. మిగతా సగంమంది భార్యలు అదే మాట విని డబ్బాలు పట్టుకుని కుళాయి దగ్గర వరస కట్టారు. ఆ వరసకు ముందు మీసాలాయన భార్య, రెండు డబ్బాలతో.

"ఒకటి నాకు, ఒకటి మా అక్కకి. ఆమెకి పెద్ద డబ్బా కావాలి," అంది.

చీటీలక్కకు అన్నం సయించడం లేదు. చెప్పేద్దామని రోజుకు మూడుసార్లు కుర్చీలోంచి లేచేది. చెప్తే బాబాయ్ మళ్లీ నూట ఇరవై దగ్గరికి పోతాడు, ఆ రోజే పథ్యం గంగలో కలుస్తుంది. డాక్టరు పెట్టిన గడువు ఇంకా మూడు వారాలే. మళ్లీ కూర్చునేది. అది చాలదన్నట్టు ఇంకో వింత. బకెట్లు రెండే, మూడోది ముట్టుకోలేదు. అయినా ఒక పొద్దున ఆయన తొంభై తూగాడు. మొన్నటి వానకు ఇసుక తడిసి బరువెక్కిందనుకుంది. ఇసుకను గోనె మీద ఆరబోసి, చీమలకు క్షమాపణ చెప్పి, మళ్లీ నింపింది. అయినా తొంభయ్యే.

"ముప్ఫై తగ్గా అమ్మాయ్!" అన్నాడాయన. ఆ సంతోషం చూస్తే ఆమెకు ఏడుపొచ్చింది.

మంచమెక్కిన నాలుగోరోజు బక్కాయన వచ్చాడు. చేతిలో ఆస్పత్రి కాగితం. వెనకాల మిగతా డ్రైవర్లు.

"చూడు మామా. యాభై రెండు. ఎప్పుడూ ఉన్న యాభై రెండే. రక్తం, మూత్రం, గుండె అన్నీ చూశారు. ఏ రోగమూ లేదన్నారు. రోగమంతా నీ కాటాకే!"

"నోరు జాగ్రత్త," అన్నాడు కాటా మామ. "ఇరవై ఎనిమిదేళ్లలో దీన్ని ఎవడూ మాటనలేదు."

"ఇప్పుడు నేనంటున్నా. తప్పుడు కాటా!"

కాటా మామ చెయ్యి తెలియకుండానే పొట్ట మీదికి పోయింది. కాటా తప్పయితే తను తగ్గిన ముప్ఫై కిలోలు? నడిచిన దారి? వదిలేసిన అన్నం? ఆ ఒక్క మాటతో అంతా గాలికి పోతుంది.

"తూనికల ఇన్‌స్పెక్టరుని నేనే పిలుస్తా. రేపే. ఆయనే తేలుస్తాడు, అబద్ధం చెప్పేది కాటానో నువ్వో."

చీటీలక్క చేతిలో చీటీల పుస్తకం కిందపడింది.

ఆ మర్నాడు ఆమె గంట ముందు వచ్చింది. పలకను పెళ్లింటి ముంగిలి ఊడ్చినట్టు ఊడ్చింది. బకెట్ల వైపు చూడలేదు. వట్టి పలక మీద మీట నొక్కి, కుర్చీలో కూర్చుని, చేతులు ఒళ్లో పెట్టుకుంది. ఇప్పుడు కాటా నిక్కమే. ఇన్‌స్పెక్టరుకు జవాబుంది. బాబాయ్‌కి ఏం చెప్పాలో తెలియలేదు.

ఇన్‌స్పెక్టరు వ్యానులో ముద్రవేసిన ఇనుప తూకపురాళ్లు తెచ్చాడు. నాలుగు మూలలా పెట్టించాడు, మధ్యలో పెట్టించాడు. ఎంత పెడితే అంతే చూపింది. బక్కాయన ఖాళీ లారీని ఎక్కించాడు. తలుపు మీద రాసిన అంకే, ఒక్క పదీ తేడా లేదు.

"కాటా భేషుగ్గా ఉంది. ఇంకో మూడు వారాల్లో ఏటా వేసే ముద్ర ఎలాగూ వేయాలి, అప్పుడొస్తా," అని రాసుకుని వెళ్లిపోయాడు.

"రాత్రికి రాత్రి ఇరవై కిలోలు పెరిగానా నేను?" అన్నాడు బక్కాయన తనలో తను.

మీసాలాయన పరుగున పోయి తన బండి తెచ్చి తూయించుకున్నాడు. ఆరువేల ఎనిమిదొందల నలభై. "నా ఇరవై నాకే వచ్చేశాయి మామా!" అని బావురుమన్నాడు. ఆ కుదుపుకు ప్యాంటు గుండీ తెగి రోడ్డు దాకా పోయింది.

"మీ గొడవ నాకు తెలీదు. కాటా నికరమని సర్కారే చెప్పింది," అన్నాడు కాటా మామ. ఛాతీ విరుచుకుని పలక ఎక్కాడు. అందరూ అంకెల వైపు చూశారు. చీటీలక్క కళ్లు మూసుకుంది.

ఆమె ఒక కన్ను తెరిచింది.

నూట పది.

"నిన్న తొంభై," అన్నాడు కాటా మామ. ఆయన ముఖం వాడిపోయింది. "నిన్న తొంభై కదమ్మాయ్? ఒక్క రాత్రిలో ఇరవయ్యా? రాత్రి రెండు దోసకాయ ముక్కలు ఎక్కువ తిన్నమాట నిజమే..."

చీటీలక్క గదిలోంచి పరుగెత్తుకొచ్చింది. నవ్వుతోంది. కళ్లవెంట నీళ్లు కారుతున్నాయి.

"బాబాయ్, నూట పది! నిజంగా నూట పది! బకెట్లు లేకుండానే!"

"ఏం బకెట్లు?"

అప్పుడు చెప్పింది. గోడకున్న నాలుగింటినీ చూపిస్తూ, మొదటి బన్నునుంచి నిన్నటి తొంభై దాకా, ఒక్కటీ దాచకుండా చెప్పింది. డ్రైవర్లు నోళ్లు తెరుచుకుని విన్నారు. బక్కాయన ఒకసారి లేచాడు, మళ్లీ కూర్చున్నాడు. కాటా మామ మాత్రం పలక దిగలేదు. తల వంచుకుని నిలబడ్డాడు. ఎర్రంకెలు ఆయన వెనక నిలకడగా వెలుగుతున్నాయి.

"అంటే తగ్గలేదన్నమాట," అన్నాడు చివరికి. "అంతా నువ్వు తగ్గించిందే."

"నాలుగో క్లాసు లెక్క కూడా రాదా మామా నీకు?" అని మీసాలాయన అరిచాడు, ఒక చేత్తో ప్యాంటు పట్టుకుని. "మొదటిరోజు బకెట్టు లేదు, నూట ఇరవై. ఇవాళ బకెట్టు లేదు, నూట పది. మధ్యలో ఎవరేం చేస్తే నీకేంటి? తగ్గావు!"

కాటా మామ వేళ్ల మీద లెక్కపెట్టుకున్నాడు. రెండోసారి లెక్కపెట్టాడు. తర్వాత నిదానంగా పలక మీదే కూర్చున్నాడు. ఈసారి లేవడానికి ఎవరి చెయ్యీ అక్కర్లేకపోయింది. అది అందరికంటే ముందు చీటీలక్కే గమనించింది.

బక్కాయనకు కోపం రావాలి. ఆయన ముందుకొస్తే చీటీలక్క చేతులు జోడించింది.

"తప్పయిపోయింది అన్నయ్యా. నిన్ను మంచాన పడేశాను."

"పడేశావులే చెల్లెమ్మా," అన్నాడు బక్కాయన. "ఇరవై ఏళ్లలో మొదటిసారి మూడ్రోజులు పడుకున్నా. మా ఆవిడ పక్కన కూర్చుని ముద్దలు కలిపి పెట్టింది. పిల్లలు కాళ్లు పట్టారు. గుండెనుంచి గోళ్ల దాకా పరీక్షలు చేసి ఏ లోటూ లేదన్నారు. ఇంత మేలు నాకు ఎవరూ చేయలేదు." గొంతు తగ్గించాడు. "ఇంట్లో మాత్రం కాటా సంగతి చెప్పకండి. ఇంకో వారం గడవనివ్వండి."

డాక్టరు దగ్గరికి భార్యాభర్తలిద్దరూ వెళ్లారు. ఆస్పత్రి తూకంలో నూట మూడు వచ్చింది. చక్కెర గట్టు దిగి పల్లానికి పోయింది. డాక్టరు కళ్లద్దాలు తీసి తుడుచుకుని మళ్లీ చూశాడు.

"పది అడిగితే పదిహేను తగ్గారు. సూది అవసరం లేదు. చాలామంది నెల తిరక్కుండా మానేస్తారు. మీరెలా నిలబడ్డారు?"

కాటా మామ ఒకసారి భార్య వైపు చూశాడు.

"నేను నిలబళ్లేదండీ. పడబోతుంటే ఒకమ్మాయి పట్టుకుంది. తెలిస్తే వదిలేయమంటానని తెలియకుండా పట్టుకుంది," అన్నాడు.

భార్య తల అటు తిప్పుకుని చెంగుతో కళ్లు ఒత్తుకుంది. బయటికొచ్చాక, "ఆ అమ్మాయిని పిల్లలతో సహా భోజనానికి పిలవండి. నూనె డబ్బా దింపుతా. వాళ్లకి మాత్రమే," అంది.

మర్నాడు చీటీలక్క వచ్చేసరికి పలక ఊడ్చి ఉంది. కాటా మామ గది మెట్టు మీద కూర్చుని ఉన్నాడు. ఆమె దగ్గరికొచ్చి నిలబడింది. ఆ సంగతి మీద ఇద్దరూ విడిగా మాట్లాడుకోవడం అదే మొదలు, అదే చివర.

"కాటాతో అబద్ధం చెప్పించావు. అది మళ్లీ చెయ్యకు," అన్నాడు.

"చెయ్యను బాబాయ్."

"నీ అబద్ధం నన్ను కొంత దూరం మోసింది. తర్వాత నా కాళ్లే మోశాయి. ఆ మొదటి కొంత దూరం లేకపోతే కాళ్లకి పనుండేది కాదు." లేచి దులుపుకున్నాడు. "పిల్ల ఎలా ఉంది?"

"బాగుంది బాబాయ్."

అంతకంటే ఆ ఇద్దరికీ అక్కర్లేదు. ఆయన లోపలికి వెళ్లి కుర్చీలో కూర్చున్నాడు. మోచెయ్యి ఈసారి మీటకు దూరంగా పెట్టుకున్నాడు.

ఆ వారంలోనే ఇన్‌స్పెక్టరు ఏటా వేసే ముద్రతో వచ్చాడు. మిషను మీద ముద్ర కొట్టాడు. పత్రం మీద కాటా అన్నివిధాలా నికరమని రాసి సంతకం పెట్టాడు. టీ తాగుతుంటే మీసాలాయన కాటా మామ కథంతా, బకెట్ల సంగతి మినహాయించి, చెప్పాడు. ఇన్‌స్పెక్టరు కూడా సన్నవాడేమీ కాదు. వినీ వినీ గ్లాసు పక్కన పెట్టి, "నన్ను కూడా ఒకసారి చూడండి," అని పలక మీదికి నడిచాడు. నూట ముప్ఫై వెలిగింది.

ఆయన ఆ అంకెను కాసేపు చూశాడు. గదిలోకి వచ్చాడు. బల్ల మీది పత్రం తీసి నాలుగు మడతలు పెట్టి జేబులో వేసుకుని, కాటాను మళ్లీ పరీక్షించవలసి ఉందని చెప్పి వెళ్లిపోయాడు.